మొదటివాడూ... 196వ వాడూ

1995 ఏప్రిల్ 22. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ ఏడాది కొత్త కుర్రాళ్ల ఎంపిక మొదలైంది. చదివిన మొట్టమొదటి పేరు కి-జానా కార్టర్. పెన్ స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు. అంతకుముందు ఏడాది వాళ్ల జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదంటే అందులో పెద్ద వాటా అతనిదే. సిన్సినాటి బెంగాల్స్ జట్టు అతని కోసం తన చేతిలోని రెండు అవకాశాలను వేరే జట్టుకు ఇచ్చేసి మరీ మొదటి స్థానాన్ని కొనుక్కుంది.

ఆ మర్నాడు... అదే జాబితా చదువుతూ చదువుతూ చివరికొచ్చారు. 196వ పేరు టెరెల్ డేవిస్. డెన్వర్ బ్రాంకోస్ తీసుకుంది. జార్జియా యూనివర్సిటీలో గాయాలతో ఇబ్బందిపడిన కుర్రాడు. అతని పేరు విని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

ఇద్దరూ ఆడేది ఒకటే స్థానం... రన్నింగ్ బ్యాక్.

ఇప్పుడు లెక్క చూడండి. మొదటివాడు తన కెరీర్ మొత్తమ్మీద పరుగెత్తింది 1,144 గజాలు. 196వ వాడు 1998లో ఒక్క ఏడాదిలోనే పరుగెత్తింది 2,008 గజాలు!

నంబరు చూసి మనిషిని అంచనా వేసేవాళ్లంతా ఒక్కసారి ఆగి చదవాల్సిన కథ ఇది.

కూతకెళ్లినట్టే!

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం చూసే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఆడతారు. మైదానం వంద గజాలు. జట్టుకు పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకెళ్లాలి. వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. లేదంటే బంతి అవతలివాళ్లది.

ముందుకెళ్లడానికి దారులు రెండు. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతిని దూరంగా ఉన్న సహచరుడికి విసరొచ్చు. లేదా పక్కనే ఉన్న రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టొచ్చు. ఆ బంతిని పొట్టకు అదుముకుని, ఎదురుగా గోడలా నిలబడ్డ భారీకాయుల మధ్య సందు వెతుక్కుంటూ దూసుకుపోవడమే రన్నింగ్ బ్యాక్ పని. మన కబడ్డీలో కూతకెళ్లినవాణ్ని అందరూ కలిసి పట్టేస్తారే... అచ్చం అలాగే ఇతణ్నీ పడేస్తారు. ఒక్కో మ్యాచ్‌లో ఇరవైసార్లు!

కొత్త కుర్రాళ్లను జట్లు పంచుకునే పద్ధతికి డ్రాఫ్ట్ అని పేరు. ఐపీఎల్ వేలంలా ఎవరు ఎక్కువ డబ్బిస్తే వాళ్లకు కాదు. ఇక్కడ వరస ముఖ్యం. అంతకుముందు ఏడాది అందరికంటే ఘోరంగా ఆడిన జట్టుకు మొదటి అవకాశం. విజేతకు చివరి అవకాశం. ఇలా ఏడు రౌండ్లు. ముందు రౌండ్లలో ఎంపికైనవాడికి కోట్ల డాలర్ల ఒప్పందం. చివరి రౌండ్లవాడికి జట్టులో చోటు దొరుకుతుందన్న హామీ కూడా ఉండదు. ఇరవై ఒకటీ ఇరవై రెండేళ్ల వయసులో పడిన ఆ నంబరు... ఎంట్రన్స్ ర్యాంకులాగే... మనిషి పేరు పక్కన జీవితాంతం ఉండిపోతుంది.

ముగ్గురు కుర్రాళ్లు

మళ్లీ 1995కే వద్దాం. ఆగస్టులో అసలు సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌లు జరుగుతున్నాయి. కార్టర్‌కు బెంగాల్స్ తరఫున అదే మొదటి ఆట. మూడోసారి బంతి అందుకుని పరుగెత్తాడు. మోకాలిలో లిగమెంట్ తెగిపోయింది. అంతే! ఆ ఏడాది మొత్తం మంచం మీదే. తర్వాత కోలుకున్నాడు, ఆడాడు. ఒక గాయం మానితే ఇంకొకటి. జట్లు మారాడు. 2004 దాకా ఏదో విధంగా ఆటలో నిలిచాడు గానీ పెన్ స్టేట్‌లో చూసిన ఆ కార్టర్ మళ్లీ కనిపించలేదు. అందులో అతని తప్పేమీ లేదు. ఎంపిక చేసినవాళ్ల తప్పూ లేదు. మోకాలికి ముందురోజు వచ్చిన నంబరు తెలియదు కదా!

అదే నెలలో డేవిస్ జపాన్‌లో ఉన్నాడు. టోక్యోలో సన్నాహక మ్యాచ్. డెన్వర్ జట్టులోని రన్నింగ్ బ్యాక్‌ల వరసలో అతనిది చిట్టచివరి స్థానం. ఇక తనకు అవకాశం రాదని తేల్చుకుని, ఇంటికి వెళ్లిపోదామనే అనుకున్నాడు. తీరా మ్యాచ్‌లో అతణ్ని దించింది పరుగెత్తడానికి కాదు. బంతి అందుకుని దూసుకొచ్చే ప్రత్యర్థిని ఆపడానికి. పేరున్న ఆటగాళ్లు సాధారణంగా ఇష్టపడని పని అది. డేవిస్ వెళ్లి ఒక్క తాకిడితో ఎదుటివాణ్ని నేలకూల్చాడు. కోచ్‌ల చూపు అతని మీద పడింది. సీజన్ మొదటి మ్యాచ్ నాటికి ప్రధాన రన్నింగ్ బ్యాక్ అతనే. ఆ ఏడాది 1,117 గజాలు. 1998 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో తీవ్రమైన మైగ్రేన్‌తో రెండో క్వార్టర్ ఆడలేకపోయాడు. తిరిగొచ్చి మొత్తం 157 గజాలు, మూడు టచ్‌డౌన్లు సాధించాడు. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే.

ఈ ఇద్దరి మధ్యా ఇంకొకడున్నాడు. కర్టిస్ మార్టిన్. మూడో రౌండ్, 74వ నంబరు. పిట్స్‌బర్గ్‌లో గొడవలకు పేరుమోసిన పేటలో పెరిగాడు. కొడుకు వీధుల్లో తిరిగి పాడైపోతాడని భయపడి, బడి అయ్యాక ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమని పట్టుబట్టింది తల్లి. అలా చేరాడు ఫుట్‌బాల్‌లో. ఆ ఆటంటే తనకు మొదట్నుంచీ పెద్ద ఇష్టం లేదని తర్వాత తానే చెప్పుకున్నాడు. కాలేజీ చివరి ఏడాదిలో రెండో మ్యాచ్‌కే గాయపడ్డాడు. అందుకే అన్ని జట్లూ వెనకాడాయి. న్యూఇంగ్లండ్ పేట్రియాట్స్ ధైర్యం చేసింది. మొదటి ఏడాదే 1,487 గజాలు! 2004లో, 31 ఏళ్ల వయసులో, లీగ్‌లో అందరికంటే ఎక్కువ గజాలు పరుగెత్తినవాడిగా నిలిచాడు. రెండోస్థానంలో ఉన్న షాన్ అలెగ్జాండర్‌కూ అతనికీ తేడా ఎంతో తెలుసా... ఒకే ఒక్క గజం. రన్నింగ్ బ్యాక్‌లకు ముప్ఫై దాటితే ముసలితనమే అనుకునే ఆటలో అది మామూలు విషయం కాదు. మొత్తం కెరీర్‌లో మార్టిన్ ఖాతాలో 14,101 గజాలు.

ఒక ఏడాదికే పరిమితమా?

1995 ఏదో పొరపాటున అలా అయిందిలే అనుకోవచ్చు. మరి 2005 సంగతి? ఆ ఏడాది మొదటి అయిదు ఎంపికల్లో ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లే. రెండోవాడు రానీ బ్రౌన్, నాలుగోవాడు సెడ్రిక్ బెన్సన్, అయిదోవాడు కాడిలాక్ విలియమ్స్. కాలేజీలోనే రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్సలు జరిగిన ఫ్రాంక్ గోర్ మాత్రం మూడో రౌండ్‌లో, 65వ నంబరుకి గానీ అమ్ముడుపోలేదు. ఆ మోకాళ్లతోనే గోర్ పదహారు సీజన్లు ఆడాడు. సరిగ్గా 16,000 గజాలు పరుగెత్తాడు. పైన చెప్పిన ముగ్గురి గజాలూ కలిపి చూసినా అంత లేవు!

2012లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు ట్రెంట్ రిచర్డ్‌సన్‌ను మూడో నంబరుగా ఎంచుకుంది. పదేళ్లపాటు తమకు ఢోకా లేదనుకుంది. ఏడాదిన్నర తిరక్కుండానే అతణ్ని ఇంకో జట్టుకు ఇచ్చేసింది. మూడు సీజన్లు, 2,032 గజాలతో అతని ఎన్‌ఎఫ్ఎల్ కథ ముగిసింది. అదే ఏడాది ఆరో రౌండ్‌లో 173వ నంబరుగా వాషింగ్టన్ జట్టులోకి వచ్చినవాడు ఆల్ఫ్రెడ్ మారిస్. తొలి సీజన్లోనే 1,613 గజాలు. స్టారయ్యాక కూడా అతను మైదానానికి వచ్చింది 1991 నాటి పాత మాజ్దా కారులోనే.

అసలు డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాళ్లూ ఉన్నారు. 2009లో ఏడు రౌండ్లు అయిపోయినా ఏరియన్ ఫోస్టర్ పేరు ఎవరూ పలకలేదు. హ్యూస్టన్ జట్టు పిలిచి ఊరికే ఒక అవకాశమిచ్చింది. మరుసటి ఏడాది, 2010లో, లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు పరుగెత్తింది అతనే... 1,616.

అలాగని...

నంబరుకు విలువే లేదనుకుంటే పొరపాటు. వాల్టర్ పేటన్ 1975లో నాలుగోవాడు. బ్యారీ శాండర్స్ 1989లో మూడోవాడు. లడేనియన్ టామ్లిన్‌సన్ 2001లో అయిదోవాడు. ఏడ్రియన్ పీటర్సన్ 2007లో ఏడోవాడు. నలుగురూ తమ మీద పెట్టుకున్న ఆశను వడ్డీతో సహా తీర్చారు. 2011 డిసెంబరులో మోకాలు దెబ్బతిన్న పీటర్సన్, మరుసటి సీజన్లోనే 2,097 గజాలు పరుగెత్తాడంటే నిపుణులు ఊరికే ఎంచుకోలేదనే కదా అర్థం!

2025 సీజన్ ముగిసేనాటికి ఎన్‌ఎఫ్ఎల్ చరిత్రలో ఎక్కువ గజాలు పరుగెత్తిన మొదటి ఆరుగురినీ వరసగా రాసి, పక్కన వాళ్ల డ్రాఫ్ట్ నంబర్లు వేస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఎమిట్ స్మిత్ - 17
వాల్టర్ పేటన్ - 4
ఫ్రాంక్ గోర్ - 65
బ్యారీ శాండర్స్ - 3
ఏడ్రియన్ పీటర్సన్ - 7
కర్టిస్ మార్టిన్ - 74

ఆరుగురిలో నలుగురు మొదటి రౌండ్ వాళ్లు. ఇద్దరు మూడో రౌండ్ వాళ్లు. మొదటి నంబరు వచ్చినవాడు ఒక్కడూ లేడు. 18,355 గజాలతో అందరికంటే పైనున్న ఎమిట్ స్మిత్‌ను 1990లో పొట్టివాడనీ, వేగం చాలదనీ అన్నారు. ఆ ఏడాది అతనికంటే ఎంతో ముందు, రెండో నంబరుగా వెళ్లిన రన్నింగ్ బ్యాక్ బ్లెయిర్ థామస్ కెరీర్ మొత్తమ్మీద 2,500 గజాలు కూడా దాటలేదు.

ఎక్కడ తప్పుతున్నారు?

ఏటా డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లను ఒకచోటికి పిలిచి పరీక్షలు పెడతారు. ఎత్తు, బరువు, ఎంత ఎత్తుకు ఎగరగలడు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరుగెత్తగలడు... అన్నీ కొలుస్తారు. నలభై గజాల పరుగులో సెకనులో పదోవంతు తేడాకే నంబరు పదులకొద్దీ మారిపోతుంది. కానీ మ్యాచ్‌లో రన్నింగ్ బ్యాక్‌కు నలభై గజాల ఖాళీ దారి ఎవరిస్తారు? సందు ఎక్కడ తెరుచుకుంటుందో ముందే పసిగట్టాలి. అరక్షణం ఆగాలి, అప్పుడు దూకాలి. స్మిత్‌కూ, గోర్‌కూ ఉన్న విద్య అదే. దాన్ని కొలిచే గడియారం లేదు.

రెండోది, రన్నింగ్ బ్యాక్ ఒంటరివాడు కాదు. అతనికి దారి తెరిచేది ముందున్న అయిదుగురు లైన్‌మెన్. డేవిస్ తర్వాత డెన్వర్‌లో ఏం జరిగిందో చూడండి. 1999లో అతను గాయపడితే నాలుగో రౌండ్‌లో వచ్చిన ఒలాండిస్ గ్యారీ వెయ్యి గజాలు దాటాడు. 2000లో ఆరో రౌండ్ కుర్రాడు మైక్ ఆండర్సన్ 1,487 గజాలు పరుగెత్తాడు. మనుషులు మారారు, పరుగు ఆగలేదు. ఆ జట్టు లైన్‌మెన్‌కు నేర్పిన పద్ధతి అంత గట్టిది. అంటే కుర్రాడి గొప్పదనం ఎంత, చేరిన ఇంటి గొప్పదనం ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. పైగా మొదటి నంబర్లు దక్కేది బాగా ఓడిపోయే జట్లకే. మంచి కుర్రాడు బలహీనమైన ఇంట్లో అడుగుపెడతాడన్నమాట!

మూడోది అవకాశం. 1995లోనే బ్యారీ స్టా, హా హోంగ్ అనే ఇద్దరు పరిశోధకులు బాస్కెట్‌బాల్ డ్రాఫ్ట్ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఆట ఒకేలా ఉన్నా, ముందు నంబరు వచ్చినవాడికే మైదానంలో ఎక్కువ సమయం దొరుకుతోందని అందులో తేలింది. బోలెడు డబ్బు పోసి తెచ్చుకున్నవాణ్ని పక్కన కూర్చోబెట్టడానికి ఏ యజమానికి మనసొప్పుతుంది? ఫుట్‌బాల్‌లోనూ అంతే. మొదటి రౌండ్ వాడు మూడు మ్యాచ్‌ల్లో విఫలమైతే 'కుదురుకుంటున్నాడు' అంటారు. ఆరో రౌండ్ వాడు ఒక్క మ్యాచ్‌లో బంతి జారవిడిస్తే సామాన్లు సర్దుకోమంటారు.

తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మెస్సీతో కలిసి ఎన్‌ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ లెక్కలన్నీ తిరగేశారు. ఒకే స్థానంలో ఆడేవాళ్లలో ముందు ఎంపికైనవాడు, అతని వెనకే ఎంపికైనవాడికంటే మెరుగ్గా రాణించే అవకాశం సగానికి కాస్త మాత్రమే ఎక్కువని తేల్చారు. దాదాపు బొమ్మాబొరుసు వేసినట్టే! అయినా జట్లన్నీ తమ కన్ను తప్పు చూడదనే నమ్ముతాయన్నది వాళ్ల మాట.

వెనక్కి తగ్గిన జట్లు

ఈ దెబ్బలన్నీ తిన్నాక జట్లు కూడా నేర్చుకున్నాయి. కార్టర్ తర్వాత 2025 దాకా ఏ రన్నింగ్ బ్యాక్‌కూ డ్రాఫ్ట్‌లో మొదటి నంబరు రాలేదు. 2013లోనైతే మొదటి రౌండ్ మొత్తంలో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా లేడు. 1963 తర్వాత అలా జరగడం అదే మొదలు. 2014లోనూ అదే తంతు. బంతిని విసిరి ఆడటం పెరిగింది, పరుగు విలువ తగ్గింది. 'ఆరో రౌండ్‌లోనే దొరికేదానికి అంత ఖర్చెందుకు?' అన్న ధోరణి వచ్చింది.

అది జట్లకు లాభం. మరి కుర్రాళ్లకు? తొలి ఒప్పందం నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలోనే ఒంట్లోని సత్తువంతా ఖర్చయిపోతుంది. ఇక మంచి జీతం అడిగే వయసొచ్చేసరికి 'నీ మోకాళ్లు అరిగిపోయాయి' అంటారు. 2023 జులైలో పేరున్న రన్నింగ్ బ్యాక్‌లంతా వీడియో కాల్‌లో కలుసుకుని గోడు వెళ్లబోసుకున్నది ఇందుకే.

వాళ్లలో ఒకడు సేక్వాన్ బార్క్‌లీ. 2018లో రెండో నంబరుగా న్యూయార్క్ జెయింట్స్‌కి వెళ్లాడు. మొదటి ఏడాది అదరగొట్టాడు. తర్వాత మోకాలి గాయం, బలహీనమైన లైను, ఓటములు. 'రెండో నంబరు దండగ' అన్నారు. 2024లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు మారాడు. మనిషి అతనే, కాళ్లూ అవే. ముందు నిలబడ్డ లైను మాత్రం లీగ్‌లోనే గట్టిది. ఆ సీజన్‌లో 2,005 గజాలు! 2025 ఫిబ్రవరి 9న, సరిగ్గా తన 28వ పుట్టినరోజున, సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు.

పేరు పలికాక...

టెరెల్ డేవిస్ కథ కూడా సుఖాంతమని చెప్పలేం. 1999లో అతని మోకాలూ దెబ్బతింది. 7,607 గజాల దగ్గర ఆగిపోయి, 2002లో ఆట మానేశాడు. ఆడింది 78 మ్యాచ్‌లే కాబట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వడానికి చాన్నాళ్లు తటపటాయించారు. చివరికి 2017లో ఇచ్చారు. మోకాలికి మొదటివాడైనా 196వ వాడైనా ఒకటే! తేడా అల్లా... గాయానికి ముందు దొరికిన ఆ నాలుగేళ్లనూ డేవిస్ ఒక్క గజం కూడా వదలకుండా వాడుకున్నాడు.

ఈ డ్రాఫ్ట్ మొదలైంది 1936లో. మొట్టమొదటిసారి పలికిన పేరు జే బెర్వాంగర్. అతనూ బంతి పట్టుకుని పరుగెత్తేవాడే. కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీని తొలిసారి అందుకున్నదీ అతనే. అంతటివాడు ఎన్‌ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! అడిగినంత జీతం ఇవ్వలేమన్నారు. సరేనని ఫోమ్ రబ్బరు అమ్మే ఉద్యోగంలో చేరాడు. తర్వాత సొంతంగా కార్లకు ప్లాస్టిక్ భాగాలు తయారుచేసే కంపెనీ పెట్టి హాయిగా బతికాడు. ఆ హైస్‌మన్ ట్రోఫీ ఉంది చూశారూ... అది కొన్నాళ్లపాటు వాళ్ల బంధువులింట్లో తలుపు మూసుకుపోకుండా అడ్డంగా పెట్టుకునే బరువుగా పనికొచ్చిందట.

అబ్బాయికి వచ్చిన నంబరు చూసి ఇల్లంతా పండగ చేసుకునేవాళ్లూ, దిగులుపడి భోజనం మానేసేవాళ్లూ ఆ ట్రోఫీని ఒక్కసారి గుర్తుచేసుకుంటే చాలు. ఆ రోజు తేలేది ఎవరి పేరు ముందు పలికారన్నదే. ఎవరు ఎంత దూరం వెళతారన్నది బంతి చేతికొచ్చాక గానీ తెలియదు.